మీకు తెలుసా? మేత మోపు బరువొక్కటే చూస్తే మోసపోతాం

కాకినాడ చుట్టుపక్కల సార్వా కోతలకు కొద్దిరోజుల ముందు, ఇంకా నిలబడి ఉన్న వరిలోనే పిల్లిపెసర, జనుము చల్లడం పాత అలవాటు. చేలో మిగిలిన పదునుతోనే అవి ఎదిగి పశువులకు మేతవుతాయి. కానీ ఈ మేత దిగుబడి లెక్క, వడ్ల బస్తాలు లెక్కపెట్టినంత తేలిక కాదు.

● పచ్చిమేతలో ఎక్కువ భాగం నీరే. ఒక మడిలో 100 కిలోలు, పక్క మడిలో 80 కిలోలు వచ్చిందనుకుందాం. మొదటిదే గొప్పదనిపిస్తుంది. అయితే మొదటి దానిలో ఎండు పదార్థం 15 శాతం, రెండో దానిలో 22 శాతం ఉంటే? మొదటి మడి పశువుకిచ్చింది 15 కిలోలు, రెండోది 17.6 కిలోలు. అందుకే పరిశోధన క్షేత్రాల్లో కోసిన మేతలో కొంత నమూనా తీసి, ఓవెన్‌లో బరువు ఇక తగ్గనంతవరకూ ఆరబెట్టి మళ్లీ తూస్తారు. పచ్చి బరువొక్కటే చూపించి విత్తనం అమ్మే ప్రకటనను నమ్మకూడదని నేను గట్టిగా చెబుతాను.

● పుష్యమాసపు పొద్దున కోస్తే ఆకుల మీది మంచు కూడా తూకంలోకి వస్తుంది. చదరపు మీటరు మడిలో 100 గ్రాముల తేడా వస్తే, ఎకరానికి లెక్కగట్టేసరికి అది 400 కిలోలు దాటుతుంది. అదే తేడా 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పున్న మడిలో వస్తే ఎకరానికి 16 కిలోలే.

● ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో ఎండుగడ్డి దిగుబడి మీద 1856లో మొదలైన ప్రయోగం నేటికీ నడుస్తోంది. ఆ క్షేత్రానికే 1919లో రోనాల్డ్ ఫిషర్ వచ్చారు. దిగుబడి తేడాలో విత్తనం వాటా ఎంత, నేల వాటా ఎంత అని విడదీసే ‘అనోవా’ పద్ధతి ఆయనదే. మన డెల్టాకు ఇది మరీ అవసరం. బోదె పక్క మడికీ, చివరి మడికీ పదునులో తేడా ఉంటుంది. కొత్త రకాన్ని బోదె పక్కన, పాతదాన్ని చివరన వేస్తే గెలిచింది విత్తనమో నీరో ఎవరూ చెప్పలేరు.

● ఆ ఫిషర్ దగ్గరే కేంబ్రిడ్జిలో 1948లో డాక్టరేటు పొందిన తెలుగువారు సి.ఆర్.రావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. నేపియర్ గడ్డిని ఒకసారి నాటితే పలుమార్లు కోస్తాం; ఒకే మడి నుంచి వచ్చిన ఆ కోతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి, వాటిని విడివిడి మడులుగా లెక్కవేస్తే ఫలితం తప్పుతుంది. ఇలా పదేపదే తీసిన కొలతలతో పెరుగుదలను పోల్చే పద్ధతులపై రావు 1958లోనే వ్యాసం రాశారు. 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారం అందుకున్నారు.

● వ్యవసాయ పరిశోధన పట్టికల అడుగున ‘సీడీ’ అనే అంకె ఉంటుంది. రెండు రకాల దిగుబడుల తేడా దానికంటే తక్కువైతే, ఆ ప్రయోగం వాటిలో ఏది మెరుగో తేల్చలేదన్నమాట.

కొత్త మేత విత్తనం తెచ్చిన రైతు సోదరులారా, ఊరంతా మెచ్చుకుంటోందని పొలమంతా వేసేయకండి. పాత రకంతో కలిపి నాలుగైదు చోట్ల, ఏది ఎక్కడో చీటీలు తీసి వేయండి. మంచు ఆరాక కోయండి. ప్రతి కోత బరువూ, అందులో కిలో మేత ఎండబెడితే మిగిలిన బరువూ పుస్తకంలో రాసుకోండి.