వృద్ధాశ్రమంలో ఏం చూడాలి?

కొందరు ముసలివాళ్లు వృద్ధాశ్రమంలో ఉంటారు. అక్కడ వాళ్లను బాగా చూస్తున్నారా? గోడల రంగు చూస్తే తెలియదు.

ముందుగా చెప్పకుండా, అన్నం వేళకు వెళ్లాలి. అన్నం మెత్తగా ఉందా? చేతకానివాళ్లకు తినిపిస్తున్నారా? మంచినీళ్లు చేతికి అందుతున్నాయా? మరుగుదొడ్డిలో పట్టుకోడానికి కమ్మీ ఉందా? నేల తడిగా ఉంటే జారి పడతారు. ముసలి ఎముక తొందరగా అతకదు.

మంచం పట్టినవాళ్ల వీపు, నడుము, మడమలు చూడాలి. ఎప్పుడూ ఒకే పక్కన పడుకుంటే అక్కడ రక్తం ఆడదు. చర్మం కమిలి పుండు పడుతుంది. దాన్నే పడక పుండు అంటారు. అది ముదిరితే ప్రాణానికే ముప్పు. అందుకే రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పుతున్నారా అని అడగాలి.

ముసలివాళ్లతో విడిగా మాట్లాడాలి. భయం ఉన్నవాళ్లు అందరి ముందు చెప్పరు.

60 ఏళ్లు నిండిన పెద్దల కోసం 14567 నంబరు ఉంది. తప్పు కనిపిస్తే ఫోను చేయాలి. డబ్బు ఖర్చు కాదు.