ఎలక్ట్రిక్ కారా.. పెట్రోల్ కారా? చిలమత్తూరు నుంచి లెక్కేస్తే ఏది లాభం? ఈ విషయాలు తెలియకుండా బుక్ చేయొద్దు!

శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలం.. ఒకవైపు హిందూపురం, లేపాక్షి. మరోవైపు కొడికొండ చెక్‌పోస్ట్ దాటితే కర్ణాటకలోని బాగేపల్లి. మండలం మీదుగానే హైదరాబాద్–బెంగళూరు 44వ నంబర్ జాతీయ రహదారి వెళ్తుంది. ఇదే రోడ్డుపై ఉత్తరంగా గంట లోపు వెళ్తే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ. అంటే కార్లు తయారయ్యే చోటు పక్కనే ఉంది, కార్లు పరుగులు తీసే రోడ్డు ఊరి ముందే ఉంది. మరి ఇప్పుడు కారు కొనాలనుకునే కుటుంబానికి ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే.. పెట్రోల్‌దా, ఎలక్ట్రిక్‌దా?

ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు. వాన పడితేనే పంట అనే ప్రాంతం ఇది. వేరుశనగ మీదో, మల్బరీ తోట మీదో, బెంగళూరులో పిల్లల జీతాల మీదో ఆధారపడి బ్యాంకు లోన్‌తో కారు తీసుకునేవాళ్లే ఎక్కువ. తప్పు బండి కొంటే ఐదేళ్లు, ఏడేళ్లు ఈఎంఐ కట్టుకుంటూ కూర్చోవాల్సిందే. అందుకే షోరూమ్‌లో చెప్పే లెక్క కాకుండా, ఇక్కడి కరెంట్ బిల్లు, ఇక్కడి పెట్రోల్ రేటు, ఇక్కడి నుంచి వెళ్లే దూరాలతో లెక్క చూద్దాం. రేట్లన్నీ 2025 చివరి నాటివి.

పెట్రోల్ రేటు.. బోర్డర్ దాటితే వేరే లెక్క

ఏపీలో లీటర్ పెట్రోల్ దాదాపు రూ.110. రాష్ట్రంలో పెట్రోల్‌పై 31 శాతం వ్యాట్, దానిపైన లీటర్‌కు రూ.4, రోడ్ సెస్ ఇంకో రూపాయి ఉన్నాయి. కర్ణాటక 2024 జూన్‌లో పన్ను పెంచి 29.84 శాతానికి తెచ్చినా, అక్కడ రేటు రూ.103 దగ్గరే ఉంది. అంటే లీటర్‌కు ఆరేడు రూపాయల తేడా. చిలమత్తూరు వాళ్లకు బాగేపల్లి పక్కనే కాబట్టి అటు పని మీద వెళ్లినప్పుడు ట్యాంక్ నింపుకుని రావడం మామూలే. పని లేకుండా పెట్రోల్ కోసమే వెళ్తే మాత్రం ఆ తేడా దారిలోనే ఖర్చయిపోతుంది.

లీటర్‌కు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోల్ కారుకు ఏపీ రేటుతో కిలోమీటర్‌కు రూ.7.30 పడుతుంది. కర్ణాటకలో కొట్టిస్తే రూ.6.90 లోపు. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగితే మన దగ్గర రూ.7,300, అక్కడైతే సుమారు రూ.6,870.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్. దీనికి తగ్గట్టు తయారుకాని పాత కార్లలో 6 నుంచి 7 శాతం దాకా మైలేజీ పడిపోవచ్చని 2021లో నీతి ఆయోగ్ రోడ్‌మ్యాపే అంచనా వేసింది. సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు చూస్తున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

కరెంట్ చవకే.. కానీ స్లాబు మారుతుంది!

ఎలక్ట్రిక్ కారు గురించి ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. ‘యూనిట్ మూడు రూపాయలే కదా’ అనుకుంటారు. కానీ ఏపీలో ఇంటి కరెంట్‌కు స్లాబులు ఉన్నాయి. 2022లో వచ్చిన టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. కారు మింగే కరెంట్ ఎప్పుడూ పై స్లాబుల్లోనే పడుతుంది.

ఉదాహరణకు ఒక ఇంట్లో ఇప్పుడు నెలకు 120 యూనిట్లు కాలుతున్నాయనుకుందాం. స్లాబు లెక్కన సుమారు రూ.395 అవుతుంది. ఛార్జింగ్‌లో పోయే నష్టంతో కలిపి ఎలక్ట్రిక్ కారు యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, 1,000 కిలోమీటర్లకు 154 యూనిట్లు కావాలి. మొత్తం 274 యూనిట్లు. బిల్లు సుమారు రూ.1,446. అంటే కారు వల్ల పెరిగింది రూ.1,050. ఫిక్స్‌డ్ ఛార్జీలు, ట్రూఅప్, కరెంట్ సుంకం దీనికి అదనం. అయినా కిలోమీటర్‌కు రూపాయి, రూపాయిన్నర మధ్యే. పెట్రోల్‌తో పోలిస్తే నెలకు సుమారు రూ.6 వేలు మిగులుతాయి.

రోడ్డు మీద ఫాస్ట్ ఛార్జర్లలో మాత్రం ఈ లెక్క పనిచేయదు. అక్కడ చాలాచోట్ల యూనిట్‌ రూ.20 అటూఇటూగా ఉంటుంది. కిలోమీటర్‌కు మూడు రూపాయలు దాటుతుంది. అయినా పెట్రోల్ ఖర్చులో సగం లోపే.

మరి తోటలో మోటారు కనెక్షన్ ఉంది కదా, రైతులకు పగటిపూట తొమ్మిది గంటలు ఉచిత కరెంటే కదా, అక్కడ పెట్టేస్తే? వద్దే వద్దు. వ్యవసాయానికి ఇచ్చిన కనెక్షన్‌ను వేరే పనికి వాడితే విద్యుత్ చట్టం–2003లోని సెక్షన్ 126 కింద రెట్టింపు టారిఫ్‌తో వసూలు చేస్తారు. పైగా బోరు మోటార్లు ఒకేసారి ఆన్ అయ్యే వేళ వోల్టేజీ ఎలా పడిపోతుందో పల్లెల్లో అందరికీ తెలిసిందే. కారు ఛార్జర్‌కు అది మంచిది కాదు.

ఈ ప్రాంతానికి దేవుడిచ్చిన అసలు ఆస్తి ఎండ. జిల్లాలోనే నంబులపూలకుంటలో అల్ట్రా మెగా సోలార్ పార్క్ ఉంది. బోర్డర్ అవతల పావగడలో 2,050 మెగావాట్ల సోలార్ పార్క్ ఉంది. అదే ఎండ ఇంటి మిద్దె మీద కూడా పడుతోంది. పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల ప్లాంట్‌కు కేంద్రం రూ.78 వేల సబ్సిడీ ఇస్తోంది. ఆ ప్లాంట్ రోజుకు సగటున 12 యూనిట్ల దాకా ఇస్తుంది, నెలకు 360 వరకు. పైన చెప్పిన ఇంటికి, కారుకు కలిపి కావాల్సింది 274 యూనిట్లే. పగలు కారు బయట తిరుగుతున్నా ఇబ్బంది లేదు, నెట్ మీటరింగ్‌లో ఆ కరెంట్ గ్రిడ్‌కు వెళ్లి లెక్కలో జమ అవుతుంది. సొంత మిద్దె ఉన్నవాళ్లకు ఎలక్ట్రిక్ కారు వైపు మొగ్గడానికి ఇంతకంటే బలమైన కారణం ఇంకోటి లేదు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు మాత్రం ఈ దారి మూసుకుపోయినట్టే.

కొనేటప్పుడు మాత్రం బాదుడే

2025 మే నెలలో కియా క్యారెన్స్ క్లావిస్ పెట్రోల్ మోడల్ ప్రారంభ ధర రూ.11.49 లక్షలు. అదే పేరుతో జులైలో వచ్చిన ఎలక్ట్రిక్ మోడల్ ప్రారంభ ధర రూ.17.99 లక్షలు. ఎర్రమంచిలో తయారయ్యే బండే అయినా తేడా ఆరున్నర లక్షలు! రెండింట్లో ఫీచర్లు ఒకటి కావు కాబట్టి నేరుగా పోల్చడం పూర్తిగా సరికాదు. కానీ ఏ కంపెనీ తీసుకున్నా నాలుగైదు లక్షల తేడా కనిపిస్తోంది. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ కార్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఎలక్ట్రిక్ కార్లపై ఎప్పటిలాగే 5 శాతం. దీంతో ఇద్దరి మధ్య దూరం ఇంకాస్త పెరిగింది. కేంద్రం ఇస్తున్న పీఎం ఈ–డ్రైవ్ పథకంలో సొంత కార్లకు సబ్సిడీ లేదు.

ధరలో తేడా రూ.4 లక్షలే అనుకున్నా ఆ డబ్బు ఎన్నాళ్లకు తిరిగి వస్తుంది? నెలకు 500 కిలోమీటర్లు మాత్రమే తిరిగేవాళ్లకు పదేళ్లు పడుతుంది. 1,000 కిలోమీటర్లు తిరిగితే ఐదున్నరేళ్లు. 2,000 తిరిగితే మూడేళ్ల లోపే. లోన్ వడ్డీ కలిపితే ఇంకా ఆలస్యం. అంటే వారానికోసారి హిందూపురం సంతకో, నెలకోసారి లేపాక్షి గుడికో తీసే కారైతే పెట్రోలే మేలు. ఎంత ‘గ్రీన్’ అని చెప్పినా ఈ లెక్క మారదు.

బ్యాటరీ అద్దెకు తీసుకునే పద్ధతి కూడా వచ్చింది. 2024 సెప్టెంబర్‌లో ఎంజీ కంపెనీ విండ్సర్ కారును రూ.9.99 లక్షలకు ఇస్తూ, బ్యాటరీకి కిలోమీటర్‌కు రూ.3.50 అద్దె పెట్టింది. కరెంట్ ఖర్చు కలిపితే కిలోమీటర్‌కు నాలుగున్నర అవుతుంది. చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు బాగానే కనిపిస్తుంది కానీ, ఆదాలో పెద్ద ముక్క అద్దెకే పోతుంది.

‘బెంగళూరు పోయి రావచ్చా?’

చిలమత్తూరులో ఎవరైనా మొదట అడిగేది ఇదే. బెంగళూరుకు సుమారు 110 కిలోమీటర్లు. రానూపోనూ 220. క్లావిస్ ఎలక్ట్రిక్ చిన్న బ్యాటరీ 42 కిలోవాట్ అవర్. కంపెనీ చెప్పే రేంజ్ 404 కిలోమీటర్లు. కానీ హైవే మీద 100 స్పీడ్‌లో, ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుని వెళ్తే 270, 280 వస్తే సంతోషించాలి. అంటే పోయి రావచ్చు, కానీ సిటీలో ట్రాఫిక్‌లో అటూఇటూ బాగా తిరిగితే మాత్రం వచ్చేటప్పుడు కళ్లు బ్యాటరీ మీటర్ మీదే ఉంటాయి. 25 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉండే చిన్న ఎలక్ట్రిక్ కార్లైతే దారిలో ఛార్జింగ్ తప్పదు.

పట్టుగూళ్లు తీసుకుని రామనగరం మార్కెట్‌కు వెళ్లే రైతులది ఇంకో కథ. రామనగరం బెంగళూరు దాటి ఇంకా 50 కిలోమీటర్లు. రానూపోనూ 320 దాటుతుంది. గూళ్లు బండిలో పెట్టుకుని ఛార్జింగ్ స్టేషన్‌లో గంట ఆగడం కుదిరే పని కాదు. వచ్చేటప్పుడు ఆగొచ్చు కానీ, వెళ్లేటప్పుడు కాదు. అలాంటి వాడకానికి పెట్రోల్ బండికి తిరుగులేదు. ఐదు నిమిషాల్లో ట్యాంక్ నింపుకుని కదలొచ్చు, 600 కిలోమీటర్లు చూసుకోనక్కర్లేదు.

ఛార్జింగ్ టైమ్ విషయంలోనూ ప్రకటన ఒకటి, వాస్తవం ఒకటి. 10 నుంచి 80 శాతానికి 39 నిమిషాలు అని కియా చెప్పేది 100 కిలోవాట్ల ఛార్జర్ దొరికితేనే. 30 కిలోవాట్ల ఛార్జర్ అయితే గంట. ముందు ఇంకో బండి ఉంటే ఇంకో గంట. హైవేలపై ప్రతి 25 కిలోమీటర్లకు రెండువైపులా ఛార్జింగ్ స్టేషన్ ఉండాలని కేంద్ర విద్యుత్ శాఖ 2022 మార్గదర్శకాల్లో ఉంది. కాగితం మీద ఉన్నదాన్ని నమ్ముకుని బయల్దేరకుండా, యాప్‌లో ఆ రోజు ఏ స్టేషన్ పనిచేస్తోందో చూసుకోవడమే మంచిది.

ఘాట్ రోడ్డు ఎక్కుతుందా అనే అనుమానం మాత్రం అక్కర్లేదు. 2022 సెప్టెంబర్ నుంచి తిరుమల ఘాట్‌లో ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు నిండా జనంతో ఎక్కి దిగుతున్నాయి. దిగేటప్పుడు బ్రేకింగ్‌తో కొంత ఛార్జ్ తిరిగి బ్యాటరీకి వస్తుంది కూడా.

బ్యాటరీ భయం ఎంతవరకు నిజం?

చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. ఆ లోపు కొంత రేంజ్ తగ్గడం సహజం. వారంటీ అయ్యాక బ్యాటరీ మార్చాల్సి వస్తే లక్షల్లో ఖర్చు. అందుకే పాత ఎలక్ట్రిక్ కార్లకు సెకండ్ హ్యాండ్ మార్కెట్లో రేటు పెట్రోల్ కార్లంత పలకడం లేదు. ఐదేళ్లకోసారి కారు మార్చే అలవాటున్నవాళ్లకు ఇది పెద్ద మైనస్సే.

లిథియం బ్యాటరీకి ఎండ పడదు. అనంతపురం వైపు ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. నీడలో పార్క్ చేయడం, దూర ప్రయాణం చేసి వచ్చిన వెంటనే ప్లగ్ పెట్టకుండా కాసేపు చల్లారనివ్వడం, రోజువారీగా 80 శాతం దగ్గర ఆపేయడం.. ఈ మూడూ పాటిస్తే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది.

సర్వీసింగ్‌లో ఎలక్ట్రిక్‌దే పైచేయి. ఇంజిన్ ఆయిల్ లేదు, క్లచ్ లేదు, స్పార్క్ ప్లగ్ లేదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియంలో 15 శాతం తగ్గింపు ఉంది. కాకపోతే బండి బరువెక్కువ కాబట్టి టైర్లు త్వరగా అరుగుతాయి. రిపేర్ వస్తే ఊళ్లో మెకానిక్ చేయలేడు, కంపెనీ వర్క్‌షాప్‌కే వెళ్లాలి. పెట్రోల్ కారైతే హిందూపురంలో ఏ షెడ్డులోనైనా చూస్తారు.

పొగ సంగతి? కరెంట్‌లో ఎక్కువ భాగం బొగ్గు నుంచే వస్తోంది కదా అనే మాట నిజమే. బ్యాటరీ తయారీలోనూ కాలుష్యం ఉంది. అయినా తయారీ నుంచి చివరిదాకా లెక్కేస్తే భారత్‌లో ఎలక్ట్రిక్ కారు ఉద్గారాలు పెట్రోల్ కారు కంటే 19 నుంచి 34 శాతం తక్కువని 2021లో ఐసీసీటీ అధ్యయనం తేల్చింది. సోలార్‌తో ఛార్జ్ చేస్తే ఇంకా తగ్గుతాయి.

బుక్ చేసేముందు కరెంట్ ఆఫీసుకు వెళ్లండి

షోరూమ్ కంటే ముందు వెళ్లాల్సింది ఎస్పీడీసీఎల్ ఆఫీసుకే. మామూలు 16 ఆంపియర్ల ప్లగ్‌తో 42 కిలోవాట్ అవర్ బ్యాటరీ పూర్తిగా నిండడానికి 14, 15 గంటలు పడుతుంది. రోజుకు 30, 35 కిలోమీటర్లే తిరిగేవాళ్లకు రెండు గంటలు చాలు, కాబట్టి ఆ ప్లగ్ సరిపోతుంది. 7.2 కిలోవాట్ల వాల్‌బాక్స్ పెట్టాలంటే మాత్రం ఇంటి లోడ్ పెంచుకోవాలి. పల్లెల్లో చాలా ఇళ్ల లోడ్ ఒకటి, రెండు కిలోవాట్లే ఉంటుంది. ఎర్తింగ్ సరిగా లేకపోతే చాలా కార్లు ఛార్జింగే తీసుకోవు. కాబట్టి ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చెక్ చేయించి, లోడ్ పెంపుకు దరఖాస్తు పెట్టి, ఆ పని అయ్యాకే డెలివరీ తేదీ తీసుకోవాలి. టెస్ట్ డ్రైవ్ కూడా షోరూమ్ చుట్టూ కాకుండా, కొడికొండ నుంచి హైవే ఎక్కి 50 కిలోమీటర్లు నడిపి, ఎంత శాతం ఛార్జ్ తగ్గిందో చూసుకుంటే అసలు రేంజ్ ఎంతో అక్కడే తెలిసిపోతుంది.