ఇంధనం పెంచితే పొగే.. గాలి అందితేనే బలం

* పాత టర్బో డీజిల్ ఇంజిన్ల సామర్థ్యం పెంపునకు మార్గాలివే
* పంపు స్క్రూ తిప్పితే మొదటికే మోసం

కామారెడ్డి, ఎల్లారెడ్డి: నంబరు పలకపై 'ఏపీ 25' అక్షరాలతో కామారెడ్డి, ఎల్లారెడ్డి రహదారులపై నేటికీ తిరుగుతున్న జీపులు, డీసీఎం వ్యాన్లు, లారీలు 2014 జూన్‌కు ముందు ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో రిజిస్ట్రేషన్ అయినవి. తెలంగాణ ఏర్పడ్డాక టీఎస్ అక్షరాలు, 2016 అక్టోబరులో కామారెడ్డి ప్రత్యేక జిల్లాగా అవతరించాక 17 సంఖ్య, 2024లో టీజీ అక్షరాలు వచ్చాయి. పలకలు మారినా పాత బండ్లు యజమానుల కుటుంబాలకు అన్నం పెడుతూనే ఉన్నాయి. వీటిలో టర్బో డీజిల్ ఇంజిన్లు ఉన్న వాహనాలు ఏళ్లు గడిచేకొద్దీ బలం కోల్పోతాయి. నిండు లోడుతో లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి బయలుదేరిన బండి ఎత్తు వచ్చినచోట మొరాయించి, నల్లని పొగ చిమ్మితే యజమాని ముందు రెండు మార్గాలుంటాయి. పంపు స్క్రూ తిప్పించి ఇంధనం పెంచుకోవడం ఒకటి. పోయిన బలం ఎక్కడ పోయిందో వెతికి తిరిగి రాబట్టుకోవడం రెండోది. మొదటిది గంటలో పూర్తవుతుంది. అయితే దాని ఖరీదు ఒక్కోసారి ఇంజిన్ మొత్తం కావచ్చు.

టర్బో చేసే పని ఇదీ..

డీజిల్ ఇంజిన్ బలం ఇంధనంలో కన్నా దానిని కాల్చే గాలిలోనే ఎక్కువగా దాగి ఉంది. ఒక లీటరు డీజిల్ పూర్తిగా కాలాలంటే కనీసం 12 కిలోల గాలి అవసరం. అంటే పది వేల లీటర్లకు పైమాటే. పొగ లేకుండా కాలడానికి ఇంకా ఎక్కువే కావాలి. వృథాగా పోయే ఎగ్జాస్ట్ వాయువులతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న మరో చక్రం ద్వారా గాలిని ఒత్తిడితో సిలిండర్లలోకి నెట్టేదే టర్బో. స్విట్జర్లాండ్‌కు చెందిన ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బూకీ 1905లో ఈ ఆలోచనకు పేటెంట్ పొందారు.

టర్బో ప్రభావం ఎంతటిదో మనకు తెలిసిన వాహనాలే చెబుతాయి. 2000లో మార్కెట్‌లోకి వచ్చిన క్వాలిస్‌లో 2,446 సీసీల టర్బో లేని డీజిల్ ఇంజిన్ ఉండేది. దాని శక్తి సుమారు 75 అశ్వశక్తి. దాని స్థానంలో 2005లో వచ్చిన ఇన్నోవా ఇంజిన్ 2,494 సీసీలే అయినా, టర్బోతోపాటు కామన్ రైల్ విధానం తోడవడంతో శక్తి 102కు పెరిగింది. టర్బో నుంచి వచ్చే గాలి దారిలో ఎక్కడ ఆటంకం ఏర్పడినా ఈ అదనపు బలమే ముందుగా తగ్గుతుంది.

గాలి దారి మొదట చూడాలి

బండి బలం తగ్గిందనగానే పంపు విప్పడం సరికాదు. తొలుత ఎయిర్ ఫిల్టర్‌ను పరిశీలించాలి. వరి కోతల వేళ పొలం దారుల్లో తిరిగే వాహనాలకు, కోత యంత్రాలకు దుమ్ము, గడ్డి నలుసులు ఫిల్టర్‌ను త్వరగా మూసేస్తాయి. కంపెనీ పుస్తకంలో చెప్పిన గడువు వరకు ఆగకుండా ఆ కాలంలో తరచూ చూసుకోవాలి. కాగితపు ఫిల్టర్‌ను నేలకేసి కొట్టడం వల్ల మడతలు చిరిగి దుమ్ము నేరుగా టర్బోకు చేరుతుంది. తక్కువ ఒత్తిడి గాలిని లోపలి నుంచి బయటకు పట్టాలి. మరీ పాతదైతే మార్చడమే మేలు.

తరువాత టర్బో నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు గొట్టాలు, క్లిప్పులు చూడాలి. పదేళ్లు దాటిన గొట్టాలకు సన్నని పగుళ్లు వస్తాయి. బండి నిలిచి ఉన్నప్పుడు కనిపించని ఈ పగుళ్లు లోడు మీద ఒత్తిడి పెరిగినప్పుడు విచ్చుకుంటాయి. 'బుస్' మన్న శబ్దం, గొట్టం చుట్టూ జిడ్డు దీనికి గుర్తులు. గొట్టంలోకి కొద్దిపాటి ఒత్తిడితో గాలి ఎక్కించి, పైన సబ్బు నురుగు పూస్తే బుడగలు వచ్చినచోట లీకు ఉన్నట్లే.

ఇంటర్‌కూలర్ ఉన్న బండ్లలో దానిని నిర్లక్ష్యం చేయరాదు. 40 డిగ్రీల వేసవి గాలిని టర్బో రెట్టింపు ఒత్తిడికి నొక్కితే దాని వేడి 130 డిగ్రీలు దాటుతుంది. వేడెక్కిన గాలి పలుచబడుతుంది. దానిని 70 డిగ్రీలకు చల్లార్చగలిగితే అదే సిలిండర్‌లో సుమారు 20 శాతం ఎక్కువ గాలి పడుతుంది. ఇంటర్‌కూలర్ రెక్కల మధ్య చేరిన మట్టిని, పొట్టును మెల్లని నీటి ధారతో కడగడానికి పెద్దగా ఖర్చు కాదు.

పొగ రంగే రోగ లక్షణం

నల్లని పొగ వస్తే గాలి చాలడం లేదని, లేదా ఇంధనం ఎక్కువవుతోందని అర్థం. నీలి పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతున్నట్లు. పిస్టన్ రింగులు, వాల్వ్ సీళ్లు, టర్బో సీళ్లలో ఏదో ఒకటి అరిగి ఉంటుంది. ఇంజిన్ వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ ఆగకపోతే ఇంధనం కాలకుండానే పోతోందని, లేదా నీరు సిలిండర్‌లోకి చేరుతోందని అనుమానించాలి. కంప్రెషన్ పరీక్ష చేయించకుండా రింగులు అరిగిన ఇంజిన్‌కు కొత్త టర్బో బిగించడం డబ్బు దండగ.

టర్బోకు ఆయిలే ప్రాణం

టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు మించి తిరుగుతుంది. బేరింగులకు, ఇరుసుకు మధ్య ఉండే పలుచని ఆయిల్ పొరే దానిని కాపాడుతుంది. అందుకే ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్పిడిలో జాప్యం పనికిరాదు. ఉదయం స్టార్ట్ చేసిన వెంటనే యాక్సిలరేటర్ తొక్కరాదు. 44వ జాతీయ రహదారిపై వేగంగా వచ్చి కామారెడ్డిలో ఆగిన బండిని అప్పటికప్పుడే ఆపేయకుండా ఒకటి రెండు నిమిషాలు నిదానంగా నడవనివ్వాలి. లేకుంటే ఆయిల్ ప్రవాహం ఆగి, వేడెక్కిన ఇరుసు వద్ద మిగిలిన ఆయిల్ మాడి గడ్డకడుతుంది. ఇదే కొనసాగితే ఆయిల్ దారులు మూసుకుపోతాయి.

నాజిళ్లు, పంపు సంగతి

గాలి దారి సక్రమంగా ఉందని తేలిన తరువాతే ఇంధనం వైపు రావాలి. డీజిల్ ఫిల్టర్ మార్చి, నీటిని వేరుచేసే గిన్నెను ఖాళీ చేయాలి. డ్రమ్ముల్లో నిల్వ ఉంచిన డీజిల్‌లో అడుగున నీరు చేరుతుంది కాబట్టి అట్టడుగు వరకు తోడి వాడరాదు. నాజిల్ సన్నని తుంపరగా చిమ్మాల్సింది పోయి ధారగా కారితే ఇంధనం సరిగా కాలదు. పిస్టన్ తలపై మంట పడి అది దెబ్బతింటుంది. నాజిళ్లను పరీక్ష యంత్రంపై పెట్టించి, ఒత్తిడి సరిచేయించాలి. వాడుకలో మైకో పంపుగా పిలిచే ఇంధన పంపును కాలిబ్రేషన్ యంత్రం ఉన్న కేంద్రంలోనే, కంపెనీ నిర్దేశించిన కొలతల ప్రకారం సెట్ చేయించాలి. దీంతోపాటు ట్యాపెట్ల సందు, పంపు టైమింగ్ సరిచూసుకోవాలి. డీజిల్‌లో కిరోసిన్ కలిపితే దాని జిడ్డుతనం తగ్గి పంపు లోపలి భాగాలు త్వరగా అరుగుతాయి.

స్క్రూ తిప్పితే ఏమవుతుంది?

పంపు స్క్రూ తిప్పి ఇంధనం పెంచగానే బండి చురుకైనట్లు అనిపించడం నిజమే. గాలి మిగులు ఉన్నంత మేరకు బలం పెరుగుతుంది. ఆ హద్దు దాటిన ప్రతి చుక్కా పొగగా, వేడిగా మారుతుంది. నిండు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఎగ్జాస్ట్ వాయువుల వేడి 700 డిగ్రీలు దాటి చాలాసేపు కొనసాగితే అల్యూమినియం పిస్టన్లు, టర్బో రెక్కలు, సిలిండర్ హెడ్ ప్రమాదంలో పడతాయి. కామన్ రైల్ బండ్లకు బిగించే చిప్‌ల వల్లా ఇదే ముప్పు. కోతల సీజన్ మధ్యలో ఇంజిన్ విప్పాల్సి వస్తే మరమ్మతు ఖర్చుతోపాటు ఆ సీజన్ కిరాయి కూడా పోయినట్లే.

చట్టం ఏమంటోంది?

బీఎస్-4కు ముందు నాటి డీజిల్ వాహనాల పొగ పరీక్షలో 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు మించరాదు. బీఎస్-4 వాహనాలకు ఈ పరిమితి 50. కాలుష్య నిబంధనలు ఉల్లంఘిస్తే మోటారు వాహనాల చట్టం ప్రకారం రూ.10 వేల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. 2019 సవరణ తరువాత అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి యజమానిపై రూ.5 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు శిక్ష, లేదా రెండూ విధించే వీలుంది. 15 ఏళ్లు నిండిన సొంత వాహనాలకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ సమయంలో, రవాణా వాహనాలకు ఫిట్‌నెస్ సమయంలో పొగ పరీక్ష తప్పదు.

ఖర్చు ఈ వరుసలో పెట్టాలి

* మొదట ఎయిర్ ఫిల్టర్, గొట్టాలు, ఇంటర్‌కూలర్ శుభ్రత.
* తరువాత ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్.
* ఆపై ట్యాపెట్లు, నాజిళ్లు, పంపు కాలిబ్రేషన్.
* బ్రేకులు పట్టేస్తున్నాయేమో, క్లచ్ జారుతోందేమో, టైర్లలో గాలి తగ్గిందేమో చూడాలి. ఇంజిన్ బాగున్నా వీటివల్ల బండి బరువుగా లాగుతుంది.
* కంప్రెషన్ పరీక్ష ఫలితం చూశాకే టర్బో మార్పు, ఇంజిన్ బోరు పనులపై నిర్ణయం తీసుకోవాలి.

ఒక్కో పని పూర్తయ్యాక అదే లోడుతో, అదే దారిలో బండిని నడిపి, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో పుస్తకంలో రాసుకోవాలి. ఏ మరమ్మతు ఫలించిందో యజమానికి ఆ లెక్కే చెబుతుంది.