కాన్పులో కుట్లు తగ్గించుకోవచ్చా?

నెలలు నిండుతున్న గర్భిణులు డాక్టరును అడగడానికి మొహమాటపడే ప్రశ్న ఒకటుంది: కింద చిరుగుతుందా, కుట్లు పడతాయా? బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ లెక్కల్లో, తొలిసారి నార్మల్ డెలివరీ అయ్యేవారిలో పదిమందికి తొమ్మిదిమంది దాకా ఏదో ఒక గీరో, చిరుగో, డాక్టరు పెట్టే కోతో తప్పడం లేదు. వీటిలో ఎక్కువభాగం చిన్నవే, కొన్ని వారాల్లో మానిపోతాయి. మలద్వారాన్ని బిగించి ఉంచే కండరం దాకా వెళ్లే పెద్ద చిరుగులు తొలికాన్పుల్లో వందకు ఆరు.

యోనిద్వారానికీ మలద్వారానికీ నడుమ ఉండే భాగాన్ని పెరినియం అంటారు. బిడ్డ తల బయటపడే వేళ అసలు ఒత్తిడంతా దీనిమీదా, దీని వెనకున్న కటి కండరాలమీదా పడుతుంది. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో కంప్యూటర్ నమూనాతో లెక్కగట్టగా, ఆ కండరాల్లో ఒకటి తన మామూలు పొడవుకు మూడు రెట్లకు పైగా సాగాల్సి వస్తుందని తేలింది. బిడ్డ బరువు నాలుగు కిలోలు దాటినా, ఫోర్సెప్స్ వాడినా చిరుగు ముప్పు పెరుగుతుంది.

ముందుగా చేసుకోగలిగింది పెరినియం మర్దన. 35వ వారం నుంచి మొదలుపెట్టవచ్చు. గోళ్లు కత్తిరించుకుని, చేతులు శుభ్రంగా కడుక్కుని, సువాసనలు కలపని నూనె రాసుకోవాలి. వెనక్కి ఆనుకుని కూర్చుని, బొటనవేళ్లను మొదటి కణుపు దాకా యోనిలోపల ఉంచి, మలద్వారం వైపుకు మెల్లగా అదిమి ఒక నిమిషం ఆపాలి. కాస్త మంటగా, సాగుతున్నట్టుగా ఉంటుంది. నొప్పి మాత్రం ఉండకూడదు. తర్వాత రెండుమూడు నిమిషాలు కిందికీ పక్కలకీ అర్ధచంద్రాకారంగా రుద్దాలి.

దీనివల్ల ఎంత లాభం? సుమారు 2,500 మంది గర్భిణులు పాల్గొన్న నాలుగు అధ్యయనాలను కలిపి చూస్తే, పదిహేనుమంది మర్దన చేసుకుంటే ఒకరికి కుట్లు తప్పాయి. తగ్గినవి ముఖ్యంగా కోతలే. పెద్ద చిరుగుల్లో తేడా కనిపించలేదు. లాభం తొలికాన్పు వారికే స్పష్టంగా కనిపించింది. ఎక్కువసార్లు చేస్తే ఎక్కువ మేలన్న లెక్కా కుదరలేదు, వారానికి ఒకటిరెండుసార్లు చాలు. యోనిలో ఇన్ఫెక్షన్, రక్తస్రావం ఉన్నా, మాయ కిందికి ఉన్నా, ఉమ్మనీరు పోయినా మర్దన జోలికి వెళ్లకూడదు.

పెద్ద చిరుగులను తగ్గించే పని లేబర్ రూమ్‌లో జరగాలి. తల కనిపిస్తున్న దశలో గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన గుడ్డను పెరినియంమీద అదిమి ఉంచితే అవి తగ్గుతాయని అధ్యయనాల్లో తేలింది. తల బయటికొచ్చే క్షణంలో గట్టిగా ముక్కకుండా చిన్నచిన్న ఊపిరులు తీస్తూ ఉంటే చర్మానికి సాగే వ్యవధి దొరుకుతుంది. మిడ్‌వైఫ్ ఒక చేత్తో తల వేగాన్ని ఆపుతూ, రెండో చేత్తో పెరినియానికి ఆసరా ఇవ్వడమూ ఇందుకే.

చిరగకుండా ముందే కోస్తే మంచిదన్న నమ్మకం చాలాకాలం రాజ్యమేలింది. షికాగో వైద్యుడు జోసెఫ్ డీలీ 1920లో దీన్ని గట్టిగా ప్రతిపాదించాడు. 1993లో అర్జెంటీనాలో జరిగిన పెద్ద అధ్యయనం దానికి ఆధారం లేదని చూపింది. అందరికీ కోత పెట్టే పద్ధతి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టం చేసింది. బిడ్డ గుండె వేగం పడిపోవడం వంటి అవసరంలో పెట్టే కోత వేరు.

కాబట్టి ఎనిమిదో నెల చెకప్‌లోనే అడగండి: మీ దగ్గర కోత ఎప్పుడు పెడతారు? వేడి కాపడం పెడతారా? కాన్పయ్యాక చిరుగు ఎంతవరకు ఉందో సరిగ్గా పరీక్షించి కుట్టించుకోవడమూ అంతే ముఖ్యం. తర్వాత గ్యాస్, మలం ఆపుకోలేకపోతుంటే పిల్లల తల్లికి మామూలేనని సరిపెట్టుకోకండి. చికిత్స ఉంది, డాక్టరుకు చెప్పండి.