కరిగిపోయే సూదులు

తిరుత్తణి ప్రాంతంలోని ఏ బడిలోనైనా పిల్లల ఎడమ భుజాలను చూస్తే చాలామందికి గుండ్రని చిన్న మచ్చ కనిపిస్తుంది. పుట్టిన కొద్దిరోజులలో వేసిన బి.సి.జి. టీకా గుర్తు అది. క్షయవ్యాధి నుండి పసిపిల్లలను కాపాడటానికి ఆ టీకా వేస్తారు. దానిని కండలోకి గాని రక్తనాళంలోకి గాని ఎక్కించరు. సన్నని సూదితో చర్మపు పొరల నడుమనే బొట్టంత మందును ఉంచుతారు. సూది కొంచెం లోతుకు దిగినా మందు చేరవలసిన చోటికి చేరదు. అందుకే శిక్షణ పొందినవారే ఈ టీకా వేయాలి.

ఈ టీకా చరిత్రలో తిరుత్తణికి తూర్పున ఉన్న తిరువళ్ళూరు ప్రాంతానికి ప్రత్యేక స్థానం ఉంది. ఆ ప్రాంతం అప్పట్లో చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. అక్కడి పల్లెలలోను, చిన్న పట్టణాలలోను 1968 నుండి 1971 వరకు సుమారు 2,80,000 మందికి సూది వేశారు. కొందరికి వేసినది బి.సి.జి. టీకా, మరికొందరికి వేసినది మందు లేని ద్రవం. ఎవరికి ఏది వేశారో వారికి తెలియదు. ఆ తరువాత పదిహేను సంవత్సరాల పాటు వారి ఆరోగ్యాన్ని గమనించారు. పెద్దలకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా ఆపలేదని తేలింది. అందరూ ఆశించిన ఫలితం అది కాదు. అయినా ఆ సత్యాన్ని ప్రపంచానికి తెలియజేసింది ఈ పల్లెల ప్రజల సహకారమే. పసిపిల్లల మెదడుకు సోకే తీవ్రమైన క్షయ నుండి ఈ టీకా రక్షణ ఇస్తుంది కనుక నేటికీ దానిని వేస్తున్నారు.

చర్మంలో మందు ఉంచడం వలన ప్రయోజనం ఏమిటి? రోగకారక క్రిములను గుర్తుపట్టే రక్షక కణాలు చర్మంలో మెండుగా ఉంటాయి. కోట వాకిట కావలివాండ్రు నిలిచినట్లు అవి అక్కడ నిలిచి ఉంటాయి. టీకా వారి కంటపడితే చాలు, శరీరమంతటికీ హెచ్చరిక అందుతుంది. అయితే ఆ కావలివాండ్ర వద్దకు మందును చేర్చడమే కష్టం.

చర్మం పైపొర మృతకణాలతో ఏర్పడింది. అరచేతులు, అరికాళ్ళు మినహా తక్కిన చోట్ల దాని మందం సాధారణంగా మిల్లీమీటరులో సుమారు యాభయ్యోవంతు. అంత పలుచని పొర అయినా అది గట్టి గోడ. మృతకణాలు ఇటుకలవలె, వాటి మధ్యనున్న కొవ్వు సున్నంవలె అమరి ఉంటాయి. నీరు గాని, క్రిములు గాని సులభంగా లోపలికి పోలేవు. అణుభారం 500 లోపుగా ఉన్న కొన్ని చిన్న అణువులు మాత్రమే ఈ గోడ గుండా మెల్లగా ఇంకిపోగలవు. పొగతాగే అలవాటును మాన్పించడానికి వాడే పట్టీలోని నికొటిన్ అణుభారం 162. ప్రయాణంలో వాంతులు రాకుండా చెవి వెనుక అంటించే మందు పట్టీకి 1979లో అమెరికాలో అనుమతి లభించింది. అందులోని మందు కూడా చిన్న అణువే.

ప్రోటీన్ల సంగతి వేరు. మధుమేహ రోగులకు ఇచ్చే ఇన్సులిన్ ఒక ప్రోటీను. 51 అమైనో ఆమ్లాలు గొలుసులుగా చేరి అది ఏర్పడింది. దాని అణుభారం సుమారు 5,800. అది చర్మపు గోడను దాటలేదు. పోనీ, మాత్రగా మింగుదామంటే కడుపు ఒప్పుకోదు. కందిపప్పులోని ప్రోటీనును జీర్ణరసాలు ఎలా ముక్కలు చేస్తాయో ఇన్సులిన్‌నూ అలాగే ముక్కలు చేస్తాయి. మందు ఆహారంగా మారిపోతుంది. కనుక సూది ఒక్కటే మార్గమైంది.

1922 జనవరిలో కెనడాలోని టొరంటో నగరంలో లెనార్డ్ థాంప్సన్ అనే బాలునికి మొదటిసారిగా ఇన్సులిన్ ఇచ్చారు. అంతవరకు ఆ వ్యాధి సోకిన పిల్లలు బ్రతకడం అరుదు. ఆ బాలుడు కోలుకున్నాడు. ఇది జరిగి నూరేళ్ళు దాటింది. నేటికీ శరీరంలో ఇన్సులిన్ తయారుకాని పిల్లలు ప్రతిరోజూ, చాలామంది రోజుకు పలుమార్లు, సూది పొడుచుకోవలసి వస్తున్నది. బడికి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా సూది వెంట ఉండవలసిందే. ఈ బాధను తగ్గించాలనే కోరికే పరిశోధకులను కొత్తదారి వెదికించింది.

నొప్పిని తెలిపే నాడులు ఎక్కువగా చర్మం లోపలి పొరలలో ఉంటాయి. గోడ మాత్రం పైనే ఉంది. మరి గోడను మాత్రమే దాటే పొట్టి సూదులు చేస్తే? ఈ ఆలోచన 1970 తరువాతి సంవత్సరాలలోనే పుట్టింది. కాని అంత చిన్న సూదులను మలిచే పరికరాలు అప్పుడు లేవు. 1998లో అమెరికాలోని జార్జియా సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు కంప్యూటర్ చిప్పులను మలిచే పద్ధతిలో సిలికాన్‌తో సూక్ష్మసూదులను తయారుచేసి చూపించారు. ఇవి మిల్లీమీటరు కంటె పొట్టివి.

సిలికాన్ ముక్క చర్మంలో విరిగితే లోపలే ఉండిపోతుందని భయం. అందుచేత సూదినే మందుతో చేయాలని తలచారు. పండుగలకు, పెళ్ళిళ్ళకు చక్కెరపాకాన్ని కొయ్య అచ్చులలో పోసి చిలకలను చేయడం తెలిసిందే. సూక్ష్మసూదుల తయారీ కూడా అటువంటిదే. సన్నని గుంటలున్న మెత్తని అచ్చులో చక్కెర, నీటిలో కరిగే జిగురు పదార్థం, మందు కలిపిన ద్రావణాన్ని నింపి ఆరబెడతారు. ఎండిన తరువాత ఊడదీస్తే చిన్న పట్టీ మీద పదుల సంఖ్యలో సూదులు నిలిచి ఉంటాయి. దానిని చేతి మీద పెట్టి బొటనవ్రేలితో అదిమితే సూదులు పైపొరను దాటుతాయి. చర్మంలోని తడికి కొద్ది నిమిషాలలో కరిగి మందును విడిచిపెడతాయి. పట్టీ తీసివేసినప్పుడు దానిమీద మొన ఉండదు. వాడిన సూది ఇంకొకరికి గుచ్చుకుంటుందనే భయం లేదు.

మరొక మేలు కూడా ఉంది. పచ్చి కూరగాయ రెండు రోజులలో చెడిపోతుంది, ఎండబెట్టిన ఒరుగు నెలల తరబడి నిలుస్తుంది. ద్రవరూపంలోని టీకాలను సాధారణంగా 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. వేసవిలో తిరుత్తణిలో ఎండ తరచు 40 డిగ్రీలు దాటుతుంది. అటువంటి ఎండలో మంచుపెట్టెతో పల్లెలకు టీకాలను చేర్చడం ఎంత కష్టమో ఆరోగ్య కార్యకర్తలకు తెలుసు. 2015లో అట్లాంటాలో 100 మందిపై జరిగిన పరీక్షలో ఫ్లూ టీకా పట్టీ ఇంజెక్షనుతో సమానంగా రక్షక పదార్థాలను పుట్టించింది. ఆ పట్టీలు 40 డిగ్రీల వేడిలో ఏడాది ఉన్నా శక్తిని కోల్పోలేదు. ఆఫ్రికాలోని గాంబియాలో పసిపిల్లలకు తట్టు, రుబెల్లా టీకాలను పట్టీతో ఇచ్చి చూడగా ఇంజెక్షనుకు దీటైన ఫలితం వచ్చిందని 2024లో ప్రకటించారు.

మరి ఇన్సులిన్ పట్టీ ఎందుకు రాలేదు? లెక్క చూస్తే తెలుస్తుంది. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో విడుదల చేసిన హెపటైటిస్-బి టీకా వంటి వాటిలో పెద్దలకు ఒక మోతాదులో ఉండే ప్రోటీను 20 మైక్రోగ్రాములు. అంటే మిల్లీగ్రాములో యాభయ్యోవంతు. రోజుకు 30 యూనిట్ల ఇన్సులిన్ కావలసిన వ్యక్తికి సుమారు 1 మిల్లీగ్రాము కావాలి. టీకా జీవితంలో కొన్నిసార్లే, ఇన్సులిన్ ప్రతిరోజూ. చిన్న సూదుల మొనలలో అంత మందు పట్టించడం సులభం కాదు. పైగా ఇన్సులిన్ తక్కువైతే చక్కెర పెరుగుతుంది, ఎక్కువైతే చక్కెర పడిపోయి స్పృహ తప్పుతుంది. ఒక సూది సరిగా దిగక మందు మిగిలిపోయినా మోతాదు మారిపోతుంది. టీకాలకు ఈ పట్టీ త్వరగా అనుకూలించడానికి, ఇన్సులిన్‌కు ఆలస్యం కావడానికి కారణం ఇదే.

ఈ పట్టీలు ఇంకా ఆరోగ్య కేంద్రాలలో మామూలు వాడుకలోకి రాలేదు. పరీక్షలు జరుగుతున్నాయి. ఆలోచన ఎంత చక్కనిదైనా వేలమందిపై ఓపికగా పరిశీలించి, వచ్చిన ఫలితాన్ని వచ్చినట్లు ఒప్పుకున్న తరువాతనే మందు ప్రజల చేతికి రావాలి. ఆ ఓపిక ఎటువంటిదో తిరువళ్ళూరు పల్లెలు అర్ధశతాబ్దానికి పూర్వమే చూపాయి. అటువంటి పరీక్షలో ఈ పట్టీలు కూడా నెగ్గితే రేపటి పిల్లలకు టీకా అంటే భయం ఉండదు. సూది మొన చర్మంలోనే కరిగిపోతుంది.