హారన్ మోగుతుంది, ఇంజను తిరగదు! ఎందుచేత?

స్కూటరు స్టార్టర్ బటన్ నొక్కితే 'టిక్'మని ఊరుకుంది. హారన్ మాత్రం బాగానే మోగుతోంది. తప్పు ఎక్కడ?

ఆ 'టిక్' రిలేది. అంటే బటన్ పనిచేస్తున్నట్లే. ఇక ఓమ్ సూత్రం గుర్తు చేసుకోండి. బ్యాటరీ బిగింపుల వద్ద చిలుము పట్టి 0.1 ఓమ్ నిరోధం ఏర్పడిందనుకుందాం. హారన్‌కు 3 ఆంపియర్లు చాలు, నష్టం 0.3 వోల్టు మాత్రమే. మోటారుకోసం 40 ఆంపియర్లు పారితే? 4 వోల్టులు! 12 వోల్టుల్లో మిగిలేది ఎనిమిదే.

పెద్దల సాయంతో, బటన్ నొక్కి ఉంచి వోల్టుమీటరుతో చూడండి. బ్యాటరీ వద్దనే వోల్టేజి బాగా పడిపోతే బ్యాటరీ నీరసించిందేమో. అక్కడ నిలబడి మోటారు వద్ద పడిపోతే దోషం దారిలోనిదే. కొత్త బ్యాటరీ కొనకండి. బిగింపులు విప్పి ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ గట్టిగా బిగించి చూడండి.