పాలు పొంగుతున్నాయి, టచ్ పని చెయ్యట్లేదు

ఫోన్ డిస్‌ప్లే 120 హెర్ట్జా, 144 హెర్ట్జా అని పేరాలకు పేరాలు రాస్తుంటాను. మా ఇంట్లో అందరికంటే ఎక్కువ తిట్లు తినే టచ్ ప్యానెల్ మాత్రం వంటింట్లో ఉందని పోయిన నెలే తెలిసింది. అది మా ఇండక్షన్ స్టవ్.

పొద్దున్నే నానమ్మ కేక. "ఒరేయ్, పాలు పొంగిపోతున్నాయి, ఇది నా మాట వినట్లేదురా!" పరిగెత్తి వెళ్తే, గిన్నెలు కడిగిన తడి చేత్తో మైనస్ గుర్తు మీద నొక్కుతూనే ఉంది. నేను నొక్కినా అంతే, ప్యానెల్ అప్పటికే తడిసిపోయింది. చివరికి గోడ స్విచ్ ఆపేశాను. ఈలోపు సగం పాలు గట్టు మీదికి వచ్చేశాయి. (అలా ఆపడం కూడా మంచిది కాదు, లోపలి ఫ్యాన్ ఇంకాసేపు తిరగాలి.)

ఇందులో నానమ్మ తప్పేం లేదు. అది కెపాసిటివ్ టచ్. గాజు కింద ఉన్న సెన్సర్, వేలు తగిలినప్పుడు కెపాసిటెన్స్‌లో వచ్చే మార్పుని పట్టుకుంటుంది. నీళ్లు కూడా దాన్ని మారుస్తాయి, సెన్సర్‌కి ఏది వేలో ఏది నీళ్లో అర్థం కాదు. వర్షంలో మన ఫోన్లు పిచ్చిగా ప్రవర్తించేది కూడా ఇందుకే. ఫోన్ అయితే చొక్కాకి తుడుచుకుంటాం. పాలు అంతసేపు ఆగవు కదా!

అదే మిక్సీ చూడండి. కుడికి తిప్పితే 1, 2, 3. ఎడమకి తిప్పి పట్టుకుంటే పల్స్, వదిలితే ఆగిపోతుంది. తడి చెయ్యైనా, కళ్లజోడు లేకపోయినా పనైపోతుంది.

అసలు గొడవ వారం తర్వాత జరిగింది. ఇండక్షన్‌లో వేడెక్కేది గిన్నె అడుగు, దాన్నుంచి గాజుకి వేడి పాకుతుంది. స్టవ్ ఆపాక మంట కనపడదు, గాజు ఎర్రబడదు. మా మోడల్‌లో హెచ్చరిక అంటే డిస్‌ప్లే మీద 'హెచ్' అనే ఒక్క ఇంగ్లిష్ అక్షరం. నానమ్మకి ఇంగ్లిష్ రాదు. తుడవబోయి అరచెయ్యి కాల్చుకుంది.

పుండు నాలుగు రోజుల్లో మానింది. కానీ ఆవిడ స్టవ్ జోలికి వెళ్లడం మానేసింది. నలభై ఏళ్లు ఆ వంటింటిని నడిపిన మనిషి, "మీరు లేచాకే కాఫీ పెట్టండిలే" అని కుర్చీలో కూర్చుంటే నాకేం బాగోలేదు.

నాబ్ ఉన్న ఇండక్షన్ కోసం మూడు రాత్రులు వెతికాను. లిస్టింగ్‌లలో వాట్లు రాస్తారు, దోసె మోడ్, ఇడ్లీ మోడ్ అన్నీ రాస్తారు. నాబో టచ్చో మాత్రం ఫొటో జూమ్ చేసి మనమే కనిపెట్టాలి. మొత్తానికి దొరికింది. ఆఫ్ దగ్గర చెల్లి ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టింది. ఇప్పుడు మళ్లీ అయిదున్నరకే కాఫీ వాసన వస్తోంది.

వేడి హెచ్చరిక మాత్రం ఇందులోనూ అదే 'హెచ్'. అందుకని నానమ్మ, దోసె పెనం మీద చల్లినట్టు నాలుగు చుక్కలు చల్లి, చుయ్యిమనకపోతేనే తుడుస్తోంది. 70 డిగ్రీల దగ్గర నీళ్లు చుయ్యిమనవు, చెయ్యి మాత్రం కాలుతుందని చెప్పాను. "అందుకేరా గుడ్డ నాలుగు మడతలు వేశా" అంది.